క్రిస్మస్ రోజునే కుటుంబ ప్రార్థన జారిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న – గుంటూరు కోడలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మాది గుంటూరు జిల్లాకు చెందిన లూథరన్ కుటుంబం. మా వారి ఉద్యోగం కారణంగా తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాము. అత్తగారు మాతోనే ఉంటారు. పిల్లలు ఇద్దరు, అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఏడేళ్లు. రాత్రి భోజనానికి ముందు ఒక కీర్తన పాడి, ఒక వాక్యభాగం చదివి, ప్రార్థన చేసుకోవడం మా మామగారి కాలం నుంచి ఈ ఇంట్లో ఉన్న అలవాటు. పరీక్షలున్నా, బంధువులు వచ్చినా, ఒంట్లో బాగోలేకపోయినా ఆ పది నిమిషాలు మేము మానలేదు. అలాంటిది గత ఏడాది డిసెంబరు 25న రాత్రి పదిన్నరకు, అందరం పడుకోబోతుండగా, అత్తగారు "ఈ రోజు ప్రార్థన చేసుకోలేదు కదమ్మా" అన్నారు. ఆవిడ అనేవరకు మాలో ఒక్కరికీ ఆ సంగతి గుర్తు రాలేదు. మామూలు రోజున మానని ప్రార్థనను సరిగ్గా క్రిస్మస్ నాడే మానేశామన్న బాధ నన్ను ఏడాదంతా వదలలేదు.

ఆ రోజు ఎలా గడిచిందో తలచుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో వేలుపెట్టి చూపలేకపోతున్నాను. తెల్లవారుజామున ఆరాధనకు వెళ్లాము. ఇంటికి రాగానే నేను బిర్యానీ పనిలో పడ్డాను. మా వారు కేకు డబ్బాలు పంచడానికి వెళ్లారు. మధ్యాహ్నం పద్దెనిమిది మంది భోజనానికి వచ్చారు, సాయంత్రం అపార్ట్‌మెంట్ వారు పిల్లల కోసం శాంతాక్లాజ్ వేషంతో ఒక కార్యక్రమం పెట్టారు. ఇందులో ఏ ఒక్కటీ చెడ్డ పని కాదు. అయినా రోజు ముగిసేసరికి, ఎవరి పుట్టుక కోసం ఇంత హడావిడి చేశామో ఆయన మాట మా ఇంట్లో ఎత్తినవారే లేకపోయారు.

దీనికి తోడు డిసెంబరు మొదటి వారం నుంచే బట్టలు, స్టార్, చెట్టు, పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ కూడికలు, పిల్లల పాటల రిహార్సల్స్ అంటూ నెలంతా పరుగులే. ఇవన్నీ తగ్గించుకుందామంటే, పిల్లలు ఏడాదంతా ఎదురు చూసే పండుగను చప్పగా చేయవద్దని మా వారు అంటారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. పండుగను పండుగగానే ఉంచుతూ, విశ్వాసాన్ని దాని మధ్యలో నిలుపుకోవడానికి మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో దయచేసి చెప్పగలరు.

జవాబు 1 – మెదక్ అమ్మమ్మ

అమ్మా, నీ ఉత్తరంలో నేను పట్టుకున్నది ఒక్క వాక్యమే: "ఇంటికి రాగానే నేను బిర్యానీ పనిలో పడ్డాను." నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

నేను పెళ్లయినప్పటి నుంచి దాదాపు నలభై ఏళ్లు క్రిస్మస్ నాడు ఇంట్లో చదివిన వాక్యాన్ని కూర్చుని వినలేదు. మా ఇంటాయన ముందు గదిలో లూకా సువార్త చదివేవారు, పిల్లలు చాప మీద కూర్చునేవారు, నేను వంటగది గుమ్మం దగ్గర గరిట పట్టుకుని నిలబడి చివర "ఆమెన్" చెప్పేదాన్ని. కుక్కర్ కూత పెడితే దేవదూత చెప్పిన మాట సగంలోనే పోయేది. ఇది లోపమని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నేను కూడా అనుకోలేదు. పైగా ఆ రోజుల్లో స్త్రీల సమాజంలో యేసు ఇంటికి వచ్చినప్పుడు మరియ కూర్చుని ఆయన మాట వింటుంటే మార్త పనుల్లో మునిగిపోయిన కథ వచ్చినప్పుడల్లా నా వైపు చూసి నవ్వేవారు. మార్తను మందలించిన వాక్యం చదివి వినిపించేవారు చాలామందే ఉంటారు కానీ, ఆమె చేతిలోని గరిట అందుకునేవారు తక్కువ.

మా కోడలు కాపురానికి వచ్చిన మొదటి క్రిస్మస్‌కు, ఉదయం గుడి నుంచి రాగానే పొయ్యి వెలిగించబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అత్తయ్యా, వాక్యం అయ్యాకే పొయ్యి" అంది. అప్పటి నుంచి అదే మా ఇంటి నియమం. మాంసానికి మసాలా పట్టించడం, ఉల్లిపాయలు వేయించుకోవడం 24 సాయంత్రమే అయిపోతాయి. ఆ రోజు ఉదయం పలహారం చేయము. కేకు, జంతికలు, అరటిపండ్లు ఎలాగూ ఉంటాయి, టీ మాత్రం మా అబ్బాయి పెడతాడు. అందరూ కూర్చున్నాక లూకా రెండో అధ్యాయం మొదటి ఇరవై వచనాలు చదువుతాము, ఒక కీర్తన పాడుతాము, ప్రతి ఒక్కరూ ఒక వాక్యంలో ప్రార్థన చేస్తారు. ఇరవై అయిదు నిమిషాలకు మించదు. రాత్రి ప్రార్థన కోసం ఎదురు చూస్తే పండుగ రోజున అది దొరకదమ్మా, ఎందుకంటే సాయంత్రానికి ఇంట్లో ఎవరికీ ఓపిక మిగలదు. రోజూ రాత్రి చేసుకునే అలవాటును ఆ ఒక్క రోజుకు ఉదయానికి జరుపుకోండి.

ఇంకొక మాట. మా మెదక్ చర్చి గురించి వినే ఉంటావు. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు ఆకలితో ఉన్న జనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టి దానిని కట్టించారు. పదేళ్లు సాగిన ఆ నిర్మాణం పూర్తయి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. క్రిస్మస్ నాడు ఆ గుడిలోకి నడిచే ప్రతిసారీ, ఇది అన్నం పెట్టి కట్టిన గుడి అని మా అమ్మ గుర్తు చేసేది. అందుకే మా ఇంట్లో వండిన దానిలో మొదటి గిన్నె బయటికి వెళ్లాకే మాకు వడ్డన. ఎవరికి పంపామో బంధువుల ముందు చెప్పుకోము, ఫొటోలు అసలే తీయము.

జవాబు 2 – కువైట్ నుంచి

అక్కగారికి వందనాలు. నాది అమలాపురం దగ్గర పల్లె. ఆరేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నాను.

ఇక్కడ డిసెంబరు 25 సెలవు కాదు. శుక్రవారం సెలవు కాబట్టి మన తెలుగు సంఘాలు శుక్రవారాల్లో కూడుకుంటాయి. నాకు అన్ని శుక్రవారాలూ వెళ్లడం కుదరదు. మొదటి ఏడాది స్టార్ లేదు, కొత్త బట్టలు లేవు, మా అమ్మ చేసే కజ్జికాయలు లేవు. ఆ రోజు మేడంగారి ఇంట్లో అతిథుల గిన్నెలు తోముతూ, ఈసారి నాకు క్రిస్మస్ లేదు అనుకున్నాను. సాయంత్రం ఆరింటికి మావారు ఫోన్ చేశారు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. నాకు ఏడుపు తప్ప మాట రాలేదు. ఏం మాట్లాడాలో తోచక ఆయన బైబిలు తీసి చదవడం మొదలుపెట్టారు. అలా మొదలైనదే ఇప్పుడు మా ఇంటి ఆచారమైంది. మేము నలుగురం, లూకాలోని ఆ వచనాలు ఇరవై, తలా అయిదు చదువుతాము. ఫోన్‌లో సగం మాటలు తెగిపోతే మళ్లీ చదివిస్తాను.

రెండో ఏడాది మా చిన్నవాడు గొర్రెల కాపరుల భాగం చదువుతుండగా నాకొక సంగతి తట్టింది. వాళ్లు ఆ రాత్రి పండుగ చేసుకుంటూ లేరు, పొలంలో మంద కాస్తూ పనిలో ఉన్నారు. వార్త మొదట వచ్చింది వాళ్ల దగ్గరికే. బిడ్డను చూశాక వాళ్లు దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వెళ్లారని రాసి ఉంది. తిరిగి వెళ్లింది ఆ మంద దగ్గరికే అయి ఉంటుందని నేను అనుకుంటాను. అప్పటి నుంచి డ్యూటీలో ఉన్న క్రిస్మస్‌ను నేను తక్కువగా చూసుకోవడం లేదు.

మీ ఇంట్లో పని చేసే అమ్మాయి ఉంటే, 25న ఆమెను పిలిపించకండి అక్కా. తప్పదనుకుంటే మీ వాక్య పఠనానికి ఆమెను కూడా కూర్చోమని అడగండి. ఆమెకు ఇష్టమైతేనే సుమా.

జవాబు 3 – రాజమండ్రి వాసి

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే కొంచెం వేరుగా చెప్పదలచుకున్నాను. మన సంఘాలలో డిసెంబరు వచ్చిందంటే ప్రసంగాలన్నీ "ఆడంబరాలు మానండి" అనే చోటికే చేరుతున్నాయి. వినేవారు తల ఊపుతారు, మరునాడు బట్టల దుకాణానికి వెళతారు, ఆ తరువాత మనసులో తప్పు చేసినట్లు బాధపడతారు. సంతోషించడం విశ్వాసానికి అడ్డు అని లేఖనం ఎక్కడా చెప్పలేదు.

నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం చూడండి. ఎజ్రా తెల్లవారినది మొదలు మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదివాడు, జనులు విని ఏడ్చారు. అప్పుడు నాయకులు, ఏడవవద్దని, వెళ్లి మంచి భోజనం చేసి మధురమైనవి తాగమని, తమకోసం ఏమీ సిద్ధం చేసుకోని వారికి వంతులు పంపమని చెప్పారు. వాక్యం, విందు, పంపకం మూడూ ఒకే రోజున జరిగాయి, వాక్యంతోనే రోజు మొదలైంది. మెదక్ అమ్మగారి ఇంట్లో జరుగుతున్నది కూడా ఇదే కాబట్టి, వారితో నాకు పేచీ ఏమీ లేదు. కేకు డబ్బాలు పంచడం వల్లనే ప్రార్థన పోయిందన్నట్లు అనుకోవద్దనే నా మనవి. మా వీధిలో క్రిస్మస్‌కు మేము పంపిన డబ్బాలు మూడు వారాలకు సంక్రాంతి అరిసెలతో తిరిగి వస్తాయి. పక్కింటివారు "మీ పండుగ ఎందుకు చేస్తారు?" అని మా అమ్మాయిని అడిగింది కూడా ఆ డబ్బా అందించేటప్పుడే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేలా పిల్లలను సిద్ధం చేస్తే, డబ్బాలు పంచే ఆ గంట కూడా వృథా కాదు.

శాంతాక్లాజ్ విషయంలో అపార్ట్‌మెంట్ వారితో వాదం పెట్టుకోకండి. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీ దేశంలో ఉన్న మైరా పట్టణానికి నికొలస్ అనే బిషప్ ఉండేవారని, పేదలకు రహస్యంగా సాయం చేసేవారని ఆయన గురించి చెప్పుకునేవారని, ఆయన పేరు మీదనే ఈ వేషం వచ్చిందని పిల్లలకు చెబితే చాలు. మా వాడికి ఆ కథ చెప్పాక గడ్డం మీద ఆసక్తి తగ్గి, రహస్యంగా ఇవ్వడం మీద ఆసక్తి పెరిగింది. పెరిగి ఏం చేశాడంటే, నా జేబులోని వంద రూపాయలు రహస్యంగా కానుక పెట్టెలో వేసి వచ్చాడు.

నెలంతా పరుగులు అన్నారు. ఆ విషయంలో మాత్రం మీరు కొన్ని కోసేయక తప్పదు. మేము సెమీ క్రిస్మస్ కూడికలలో మా సంఘానిది తప్ప మరేదానికీ వెళ్లము. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలోని నాలుగు ఆదివారాల సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాము. మొదటి వారం యెషయా తొమ్మిదో అధ్యాయం, రెండో వారం మీకా అయిదు, మూడో వారం లూకా మొదటి అధ్యాయంలో యేసు తల్లి మరియ పాట, నాలుగో వారం మత్తయి మొదటి అధ్యాయంలో యోసేపు కల. డిసెంబరు 1 నుంచి రోజుకొక అధ్యాయం చొప్పున 24 రోజుల్లో లూకా సువార్త ముగించే పద్ధతి కూడా ఒకటి ఉంది. మేము ఒక ఏడాది ప్రయత్నించి, మొదటి అధ్యాయంలోని ఎనభై వచనాల దగ్గరే పిల్లలు నిద్రపోవడంతో విరమించుకున్నాము.

జవాబు 4 – పాఠకుడు

అసలు డిసెంబరు 25 అనే తేదీయే బైబిల్లో లేదు. లేని పండుగలో విశ్వాసాన్ని వెతకడం ఎందుకు? మేము ఈ పండుగ ఆచరించము.

జవాబు 5 – రాజమండ్రి వాసి

తేదీ లేదన్న మాట నిజమే. 25న ఈ పండుగ జరిగినట్లు దొరికే తొలి ఆధారం, 354లో రోము నగరంలో సంకలనమైన ఒక పంచాంగంలో 336 నాటి సంగతిగా కనిపిస్తుంది. ఆర్మేనియా సంఘం నేటికీ జనవరి 6న ఆచరిస్తుంది. కాబట్టి తేదీ సంఘం చేసుకున్న ఏర్పాటు, క్రీస్తు శరీరధారి కావడం సువార్త. దినాన్ని లక్ష్యపెట్టేవాడూ ప్రభువు కోసమే చేస్తున్నాడని రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయంలో ఉంది. మీరు ఆచరించకపోవడాన్ని నేను తప్పు పట్టను. సోదరి అడిగింది మాత్రం ఆచరించే ఇంటి గురించి, అందుకని ఈ చర్చను ఇక్కడితో ఆపుదాము.

గుంటూరు కోడలు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మెదక్ అమ్మగారి జవాబును మా వారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "టీ నేను పెడతాను, నాకు అదొక్కటే వచ్చు" అన్నారు. ఈసారి బంధువులను పన్నెండింటికి కాకుండా ఒంటిగంటన్నరకు రమ్మని ముందే చెప్పాము. పనిమనిషికి 25, 26 తేదీలలో జీతంతో సెలవు ఇస్తున్నాము. సెమీ క్రిస్మస్ కూడికలు రెండు మానుకున్నాము, మూడో దానిలో అమ్మాయి పాట ఉంది కాబట్టి తప్పలేదు. కువైట్ చెల్లెమ్మా, మీరు చెప్పినట్లే వచనాలు పంచుకున్నాము. మేము అయిదుగురం, తలా నాలుగు వస్తున్నాయి. కాపరుల భాగం మా అబ్బాయి తనకే కావాలని పట్టుబట్టాడు.

అత్తగారికి చూపు మందగించింది కాబట్టి, ఆవిడ వంతు వచనాలు కంఠతా వచ్చేలా రోజూ మధ్యాహ్నం అమ్మాయి చేత చదివించుకుంటున్నారు. ఈ ఏర్పాట్లన్నిటికీ ఆవిడ ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు. కీర్తన అన్ని చరణాలూ పాడాలట, రెండు చరణాలకే ఆపేసి కేకు దగ్గరికి పరుగెత్తితే ఊరుకోరట.