అప్‌డేట్: క్యోటోలో అమ్మకు సరిపడే జపనీస్ భోజనం దొరికింది

అమ్మ చేప, మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా తినదు, చిన్న చిన్న గిన్నెల్లో వచ్చే జపనీస్ భోజనం ఆమెకు ఎక్కడ పెట్టించాలి అని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

మొదటి రోజు ఒక హోటల్లో "చేప వద్దు" అని మాత్రమే చెప్పాం. ముక్కలు వేయలేదు కానీ, కూరలన్నీ దాషిలోనే ఉడికించారని తిన్నాక తెలిసింది. అమ్మ చాలా బాధపడింది. దాషి అంటే వాళ్ల వంటకు ఆధారమైన రసం. మామూలుగా కొంబు అనే సముద్రపు నాచు, ఎండు బొనిటో చేప తురుముతో కాస్తారు. మిసో సూప్‌లోనూ అదే ఉంటుంది.

"షోజిన్ ర్యోరి అని అడగండి" అన్న సలహానే పనిచేసింది. అది బౌద్ధ సన్యాసుల భోజనం. దాషిని కొంబు, ఎండు షీటాకే పుట్టగొడుగులతో కాస్తారు, ఉల్లి, వెల్లుల్లి వాడరు. అరషియామాలోని తెన్‌ర్యూజి ఆలయ ఆవరణలో ఉన్న షిగెత్సు అనే భోజనశాలలో ముందే బుక్ చేసుకున్నాం. ఎర్రటి లక్క గిన్నెల్లో అన్నం, సూప్, ఇంకో ఐదు రకాలు వచ్చాయి. అమ్మకు బాగా నచ్చింది గోమా దోఫు. పేరులో తోఫు (సోయా పనీర్) ఉన్నా అందులో సోయా ఉండదు. నువ్వుల ముద్దను కుజు దుంప పిండితో ఉడికించి చేస్తారు. అచ్చం జున్నులా ఉందంది.

వెంట తీసుకెళ్లిన కందిపొడి అవసరమే రాలేదు. కింద కూర్చోవాలి కాబట్టి మోకాళ్ల నొప్పులుంటే బుకింగ్ అప్పుడే అడగండి.