గోల్ఫ్ స్వింగ్‌లో పైకెళ్లేసరికి కుడిచేతి పట్టు వదులైపోతోంది, ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. విశాఖలో ఉద్యోగం చేసినప్పుడు గోల్ఫ్ నేర్చుకున్నాను. ఇంటికొచ్చేశాక నేర్పేవాళ్లు ఎవరూ దొరకలేదు. రెండు కొబ్బరి చెట్ల మధ్య చేపల చెరువు పాత వల కట్టి, రోజూ పొద్దున్నే 7 ఐరన్ అనే క్లబ్‌తో (గోల్ఫ్ కర్రతో) 50 బంతులు కొడుతున్నాను.

నాది కుడిచేతి వాటం, ఓవర్‌ల్యాప్ గ్రిప్ (కుడి చిటికెన వేలు ఎడమచేతి వేళ్ల మీద ఆనేలా పట్టుకోవడం). కుడిచేతిలో పట్టంతా మధ్య రెండు వేళ్లదే ఉండాలని పాతతరం అమెరికా గోల్ఫర్ బెన్ హోగన్ చెప్పినట్టే పట్టుకుంటున్నాను. కుడి అరచెయ్యి ఎడమ బొటనవేలి మీద ఆనే చోట, కుడి చూపుడు వేలు షాఫ్ట్ (క్లబ్ కాడ) వెనక తగిలే చోట ఒత్తిడి తెలియాలి కదా. నిలబడ్డప్పుడు చక్కగా తెలుస్తోంది, క్లబ్ పైకెళ్లేసరికి పోతోంది.

అనుమానమొచ్చి ఎడమ బొటనవేలికీ కుడి అరచేతికీ మధ్య చిన్న కొబ్బరాకు ముక్క పెట్టి చూశాను. పదిసార్లలో ఏడుసార్లు పైనే జారి పడిపోయింది. దిగేటప్పుడు కంగారుగా కుడి బొటనవేలితో నొక్కేస్తున్నాను, బంతి ఎడమకి తిరిగిపోతోంది. ఆ వేలి మీద పొక్కు కూడా లేచింది. ఉక్కపోతకి చెయ్యి జారుతుందేమోనని క్లబ్ పిడి తుడిచి తుడిచి చూశాను, తేడా లేదు.

చూపుడు వేలి దగ్గర ఒత్తిడి మొదటినుంచీ ఒకేలా ఉండాలా, లేక దిగేటప్పుడు దానంతటదే పెరగాలా? కుడి బొటనవేలిని పూర్తిగా ఎత్తేసి ప్రాక్టీస్ చేస్తే మంచిదేనా? ఇదే ఇబ్బంది పడి సరిచేసుకున్నవాళ్లుంటే దయచేసి చెప్పండి.