ఎనభైల పాప్ గొప్పదా, అప్పటి మన వయసు గొప్పదా?

క్యాసెట్‌కాలం:
నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్ గెలుకుతుంటే అమెరికా గాయకుడు ప్రిన్స్ పాట ఒకటి తగిలింది, ఇంక అక్కణ్ణుంచి ఒకదాని వెనక ఒకటి, రాత్రి రెండింటిదాకా వింటూనే కూర్చున్నా. మధ్యలో లెక్కేసుకుంటే గుండె కలుక్కుమంది, విన్నవాళ్ళలో ఒక్కరూ లేరు. మైకేల్ జాక్సన్ 2009 జూన్‌లో పోయాడు, విట్నీ హ్యూస్టన్ 2012 ఫిబ్రవరిలో. 2016 అయితే మరీ పాపిష్టి సంవత్సరం, జనవరిలో డేవిడ్ బోవీ, ఏప్రిల్‌లో ప్రిన్స్, సరిగ్గా క్రిస్మస్ రోజు జార్జ్ మైకేల్. బోవీని పక్కన పెడితే మిగతా నలుగురిలో ఎవరికీ అరవై నిండలేదు. మైకేల్, ప్రిన్స్, మడోన్నా ముగ్గురూ 1958లోనే పుట్టారు, ఇప్పుడు మడోన్నా ఒక్కతే మిగిలింది.

నా మాట ఏంటంటే, అలాంటి పాప్ మళ్ళీ రాలేదు, రాదు కూడా. ఇప్పుడు వచ్చేవన్నీ కంప్యూటర్ పాటలు, గొంతు బాగోకపోతే శ్రుతి సరిచేసే ఆటోట్యూన్, వాయించేవాడే లేడు. మీరేమంటారు? (కుర్రాళ్ళు కూడా చెప్పొచ్చు, తిట్టను 😀)

రీమిక్స్‌రాజా:
తిట్టనన్నారు కాబట్టి చెప్తున్నా అన్నా. నాకు 24, ఇంట్లో లాప్‌టాప్ పెట్టుకుని ట్రాకులు చేస్తుంటా, కాబట్టి ఆ కంప్యూటర్ పాటల దోషుల్లో నేనూ ఒకణ్ణి.

"వాయించేవాడే లేడు" అన్నారు చూడండి, అక్కడే ఆగిపోయా. జార్జ్ మైకేల్ క్రిస్మస్ పాట లాస్ట్ క్రిస్మస్, 1984ది, ప్రతి డిసెంబర్‌లో మాల్స్‌లో చంపేస్తారే, అది ఎలా చేశారో తెలుసా? లండన్ స్టూడియోలో, ఆగస్టు నెల ఎండల్లో, మూడ్ రావడానికి గోడలకి క్రిస్మస్ తోరణాలు కట్టుకుని, ఒక డ్రమ్ మెషిన్, ఒక రోలాండ్ జూనో సింథ్ (సింథసైజర్, కరెంటు కీబోర్డ్) పెట్టుకుని జార్జ్ ఒక్కడే వాయించుకున్నాడు. డ్రమ్మర్ లేడు, బ్యాండ్ లేదు, వాళ్ళ ఇద్దరి జట్టు వ్యామ్‌లో రెండోవాడు ఆండ్రూ కూడా అందులో ఏం వాయించలేదు. అంటే ఒక కుర్రాడు, రెండు మెషిన్లు. నేను చేసేది కూడా అదే కదా, తోరణాలు తప్ప. ప్రిన్స్ కూడా అంతే, వెన్ డవ్స్ క్రై అనే పావురాల ఏడుపు పాటలో డ్రమ్స్ మొత్తం మెషినే, పైగా ఉన్న బేస్ గిటార్ కూడా తీసి పారేశాడు. యమహా డీఎక్స్7 అని 1983లో ఒక కీబోర్డ్ వచ్చింది, దాంట్లో ఫ్యాక్టరీ నించి వచ్చిన ఎలక్ట్రిక్ పియానో సౌండే సగం ఎనభైల ప్రేమపాటల్లో ఉంటుంది, బటన్ నొక్కడమే పని. అప్పటి పెద్దోళ్ళు కూడా మీలాగే గోల చేశారన్నా, 1982లో లండన్లో సంగీతకారుల యూనియన్ శాఖ ఒకటి సింథసైజర్లు నిషేధించాలని తీర్మానం కూడా చేసింది.

కాబట్టి మెషిన్ సాకు చెల్లదు. మీకు నచ్చింది ఎనభైల పాటలు కాదు, మీ పదహారేళ్ళు. టీనేజ్‌లో, ఇరవైల మొదట్లో విన్న పాటలే జీవితాంతం ఎక్కువ గుర్తుంటాయని సైకాలజీ వాళ్ళు ఎప్పటినించో చెప్తున్నారు. నాకు నలభై వచ్చేసరికి నేను కూడా 2018 పాటల గురించి ఇలాగే ఏడుస్తా, గ్యారంటీ.

తిక్కశంకరం:
అవన్నీ వదిలెయ్ గురూ. క్యాసెట్ గారూ ఒక్కటి అడుగుతా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, అప్పట్లో ఆ ఇంగ్లీషు పాటల్లో ఒక్క ముక్కన్నా అర్థమయ్యేదా మీకు?

క్యాసెట్‌కాలం:
శంకరం, దొరికిపోయా. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బెజవాడ హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు బిల్లీ జీన్ అనే అమ్మాయి గురించి మైకేల్ జాక్సన్ పాడిన పాటని మా గది మొత్తం "బిల్లీ జీన్స్" అనుకునేది. ఏదో ప్యాంటు గురించి పాట అని. బిల్లీ కంపెనీ జీన్స్ ఎక్కడ దొరుకుతాయని బీసెంట్ రోడ్డులో అడిగినవాడు కూడా ఉన్నాడు, పేరు చెప్పను, ఇప్పుడు పెద్ద డాక్టరు.

కానీ అదే నా పాయింట్ కూడా. అర్థం కాకుండానే కట్టిపడేసిందంటే ఏదో ఉండాలి కదా అందులో. రాజా బాబూ, సరే మెషిన్ల సంగతి ఒప్పుకుంటున్నా, నాకు నిజంగా తెలీదు ఆ తోరణాల కథ. అయితే నీకు తెలీంది ఒకటుంది. మాకు పాట దొరకడమే కష్టం. నా దగ్గర ప్రిన్స్ ఆల్బం ఉండేది, ఒరిజినల్ కాదు, మద్రాసులో చదివే సీనియర్ దగ్గర్నించి 90 నిమిషాల టేపులోకి కాపీ కొట్టించుకున్నది. ఒకవైపు 45 నిమిషాలు, ఆల్బం ఆ పక్కకి ఇంచుమించు సరిపోతుంది, కానీ ఆ టేపు మొదట్లో నాలుగు నిమిషాలు ఇంకెవరి పాటో చెరపకుండా వదిలేశాడు మహానుభావుడు. దాంతో ఆఖరి పాట, ఆల్బం పేరు పెట్టిన పర్పుల్ రెయిన్, ఆ ఊదారంగు వాన పాటే, గిటార్ మధ్యలో టక్‌మని ఆగిపోయేది. స్టాప్ బటన్ పైకి ఎగిరేది. రిబ్బను సాగిపోయాక పెన్సిల్ పెట్టి చుట్టి చుట్టి మళ్ళీ అదే టక్. ఆ పాట అంతే అనుకున్నా చాలా ఏళ్ళు. తర్వాత రేడియోల్లో విన్నది కూడా నాలుగు నిమిషాల చిన్న వెర్షనే, నిన్న రాత్రి తగిలింది కూడా అదే.

తిక్కశంకరం:
😂😂 బిల్లీ జీన్స్. ఈ ఒక్క పోస్టు కోసం ఈ చర్చ బతకాలి.

మా ఊళ్ళో అయితే మైకేల్ జాక్సన్ అంటే ముందు చిరంజీవే. 1985లో దొంగ సినిమాలో ఎర్ర డ్రెస్సు, శవాలు లేచి డాన్సు, గోలీమార్ పాట. మైకేల్ ఒరిజినల్ థ్రిల్లర్ వీడియో నేను చాలా ఏళ్ళ తర్వాత చూసి "వీడెవడ్రా మన చిరంజీవిని కాపీ కొట్టాడు" అన్నాను, మా అన్న వీపు మీద ఒక్కటిచ్చాడు.

రీమిక్స్‌రాజా:
@తిక్కశంకరం నేను రివర్స్ అన్నా. నాకు యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు నవ్వుకుంటూ షేర్ చేసిన గోలీమార్ వీడియోనే ముందు తెలుసు, దాన్నుంచి థ్రిల్లర్‌కి వెళ్ళా.

@క్యాసెట్‌కాలం అదే అంటున్నా కదా. దొరక్కపోవడం వల్ల పెరిగిన విలువ అది, పాటది కాదు. ఆకలేసినప్పుడు చద్దన్నం కూడా అమృతమే.

పైగా మీకు గుర్తున్నవి వడగట్టిన తర్వాత మిగిలినవి. ఎనభైల్లో చెత్త రాలేదా? మిల్లీ వనిల్లీ అనే ఇద్దరి జట్టుకి 1990లో గ్రామీ అవార్డు ఇచ్చి, పాడింది వాళ్ళు కాదని తెలిశాక వెనక్కి తీసుకున్నారు. ఆటోట్యూన్ నయం కదా, కనీసం గొంతు మనదే.

అల్వాల్‌అక్క:
ఇంతసేపటి నుంచి చూస్తున్న, అందరు మగోళ్ళ గురించే మాట్లాడుతున్నరు. విట్నీ పేరు మొదట్ల ఒకసారి తీసి ఆడనే వదిలేసిండ్రు.

నేను సికింద్రాబాద్‌ల చర్చి క్వయర్‌ల ఇరవై ఏండ్లు పాడిన, ఇప్పటికి కూడ పిల్లలకి నేర్పిస్త. రాజా తమ్ముడు చెప్పిన మెషిన్ ముచ్చట నిజమే, విట్నీ పాటల్ల కూడ అవే డ్రమ్ములు, అవే కీబోర్డులు. గొంతు తీసేసి ఒట్టి మ్యూజిక్ వినుండ్రి, షాపింగ్ మాల్ లెక్క ఉంటది. కాని గొంతు మీద పెట్టంగనే ఇంకోటి అయితది. ఆమె అమెరికాల నెవార్క్‌ల న్యూ హోప్ బాప్టిస్ట్ చర్చిల చిన్నప్పటి నుంచి పాడింది, తల్లి సిసీ హ్యూస్టన్ ఆడ క్వయర్ నడిపేది. తెలిసినోళ్ళకి వింటే తెలుస్తది, ఊపిరి యాడ తీసుకుంటది, యాడ ఆపుతది, ఒక్క అక్షరాన్ని నాలుగు మెట్ల మీద ఎట్ల దింపుతది. గది మెషిన్‌ల బటన్ కాదు. మా పిల్లలకి నేను చెప్పేది ఒకటే, ఆమె పెద్దగ పాడిన జాగ కాదు, మెల్లగ పాడిన జాగ వినుండ్రి అని. పెద్దగ అరుసుడు అందరికి వస్తది.

ఇంకోటి. ఇప్పుడు అందరు రాణి, దేవత అని రాస్తున్నరు గదా. బతికున్నప్పుడు ఏం చేసిండ్రు? ఎనభైలల్లనే ఆమెవి వరుసగ ఏడు పాటలు అమెరికా పాటల లిస్టు బిల్‌బోర్డ్‌ల నంబర్ వన్ అయినయి. అయినా 1989ల నల్లజాతోళ్ళ సంగీతానికి ఇచ్చే సోల్ ట్రెయిన్ అవార్డుల్ల ఆమె పేరు చదివితే జనం బూ అని అరిసిండ్రు, తెల్లోళ్ళ కోసం పాడుతుందని. తర్వాత మత్తు అలవాటు అయినంక టీవీల నవ్వుకున్నరు, జోకులు ఏసిండ్రు. గ్రామీకి ఒక్కరోజు ముంగట హోటల్ రూముల పోయింది, తెల్లారి నుంచి అందరికి దేవత. క్యాసెట్ అన్నా, మీరు గుర్తు చేసుకునేది మంచిదే, కాని ఎనభైలు బంగారం అంటే నేను ఒప్పుకోను. పాటలు బంగారం, కాలం కాదు.

క్యాసెట్‌కాలం:
అక్కా, మీరు చెప్పింది చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆవిడ మీద వచ్చిన జోకులు నేను కూడా ఫార్వర్డ్ చేసి ఉంటాను, అబద్ధం ఎందుకు.

జార్జ్ మైకేల్ విషయంలో కూడా ఇదే. 1998లో అరెస్టయినప్పుడు ఎంత వెటకారం. పోయిన తర్వాత ఒక్కొక్కటీ బయటికొచ్చాయి, టీవీ గేమ్ షోలో ఒకావిడ పిల్లల కోసం ఐవీఎఫ్‌కి డబ్బు కావాలని చెప్తే మర్నాడు ఫోన్ చేయించి గుట్టుచప్పుడు కాకుండా 15,000 పౌండ్లు ఇచ్చాడట. నీ తోరణాల పాట మీద వచ్చిన డబ్బు కూడా ఇథియోపియా కరువుకి ఇచ్చేశాడు, రాజా. ఆ పాట అప్పుడు బ్రిటన్ పాటల లిస్టులో రెండో స్థానంలో ఆగిపోయింది, పైన కూర్చున్నది అదే కరువు కోసం అందరూ కలిసి పాడిన పాట, అందులో కూడా ఇతను పాడాడు. బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి వచ్చింది 2021 జనవరిలో. మనిషి పోయిన నాలుగేళ్ళకి.

రీమిక్స్‌రాజా:
దీనికి మాత్రం సైలెంట్ అన్నా. అక్కా మీ "మెల్లగా పాడిన జాగ" పాయింట్ సేవ్ చేసి పెట్టుకున్నా, మిక్సింగ్ చేసేటప్పుడు పనికొస్తుంది.

మిన్నెసోటా‌బాబాయ్:
ఆలస్యంగా వచ్చా. నేను మిన్నియాపోలిస్ దగ్గరే ఉంటా, 2008 నించి. నిజం చెప్తున్నా, వచ్చిన కొత్తలో ప్రిన్స్ ఎవరో నాకు తెలీదు, నాకు తెలిసిన పాటలన్నీ బాలు గారివే. 2016 ఏప్రిల్లో ఆయన పోయినరోజు ఆఫీసులో మా మేనేజరమ్మ, ఎప్పుడూ నవ్వని మనిషి, డెస్క్ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే ఇంట్లోవాళ్ళెవరో పోయారనుకున్నా. ఆ వారాంతంలో చాన్‌హాసెన్లో పెయిస్లీ పార్క్ కంచె దగ్గరికి వెళ్ళాం, ఆయన ఇల్లూ స్టూడియో అన్నీ అక్కడే. కంచె కనబడటం లేదు, పూలు, ఊదారంగు బెలూన్లు, ఉత్తరాలు. పిల్లలు కూడా ఉన్నారు చాలామంది, వాళ్ళకి ఎనభైలెక్కడివి మరి.

క్యాసెట్ గారూ, మీ కోసం ఒక విషయం. మీ టేపులో ఆగిపోయిన ఆ పాట స్టూడియోలో మొదలైంది కాదు. 1983 ఆగస్టు 3న ఇక్కడ డౌన్‌టౌన్‌లో ఫస్ట్ అవెన్యూ అనే క్లబ్బులో, ఒక డాన్స్ కంపెనీ సాయం కోసం పెట్టిన ప్రోగ్రామ్‌లో వాయించినది. మొదట్లో వచ్చే గిటార్ వాయించిన వెండీ అనే అమ్మాయికి 19 ఏళ్ళు, ఆ బ్యాండుతో స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి. తర్వాత కొంచెం కత్తిరించి, వయొలిన్లు కలిపారు, కానీ అసలు పాట ఆ రాత్రిదే. రాజాకి కూడా చెప్తున్నా, ఇందులో మనుషులే ఉన్నారు.

అసలు సంగతి, ఆల్బంలో అది 8 నిమిషాల 41 సెకన్లు. ఆయన బతికుండగా యూట్యూబ్‌లో తన పాటలు ఉండనిచ్చేవాడు కాదు, అందుకే మీకు దొరికుండదు. ఇప్పుడు ఉంది. ఆల్బం వెర్షన్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో వద్దు, హెడ్‌ఫోన్స్‌లో.

తిక్కశంకరం:
ఆగండాగండి. అంటే ఈయన ఇన్నేళ్ళు సగం పాట విని ఎనభైలు గొప్పవి అని వాదిస్తున్నాడా 😂

క్యాసెట్‌కాలం:
విన్నా.

టేపు ఆగే చోటు దగ్గర పడుతుంటే ఒళ్ళు బిగుసుకుంది, ఇప్పుడు టక్‌మంటుంది అని. అనలేదు. ఇంకా దాదాపు మూడు నిమిషాలుంది పాట. గిటార్‌తోపాటు మాటల్లేకుండా ఊ ఊ అని పైస్థాయిలో రాగం తీస్తాడు, నేననుకున్నట్టు ముగింపు ఏమీ హోరుగా లేదు, ఒక్కొక్కటే తగ్గిపోయి చివరికి పియానో, వయొలిన్లు మాత్రం మిగులుతాయి, వాన వెలిసాక చూరు నించి చుక్కలు పడ్డట్టు. రెండోసారి పెట్టుకున్నప్పుడు మా ఆవిడ వచ్చి ఏమైందండీ అనడిగింది.

రాజా, ఒక్కటి చెప్పు. ఈ మూడు నిమిషాలు నేను పదహారేళ్ళప్పుడు వినలేదు. యాభై ఆరేళ్ళొచ్చాక నిన్న రాత్రి మొదటిసారి విన్నా. మరి దీనికి నీ సైకాలజీ ఏమంటుంది?

రీమిక్స్‌రాజా:
అన్నా ఇది ఫౌల్. దాదాపు నలభై ఏళ్ళు ఎదురుచూసినోడికి ఆ మూడు నిమిషాల్లో మిక్సీ సౌండ్ వినిపించినా ఏడుపొస్తుంది.

(నేను కూడా ఇప్పుడే పూర్తిగా విన్నా. ఆ చివరి పియానో దగ్గర రెండుసార్లు వెనక్కి తిప్పా. దీన్ని ఒప్పుకున్నట్టు లెక్కేయకండి.)