హైవే దగ్గర మిగిలిన భూమి: పార్కులకు లీజుకివ్వాలా, వద్దా?

బే ఏరియా పాఠకుడు:
కాలిఫోర్నియాలో ఫ్రీవేల కింద, పక్కన కాల్‌ట్రాన్స్ (రాష్ట్ర రవాణా శాఖ) వాడుకోని భూమిని నామమాత్రపు అద్దెకి ఊళ్లకిచ్చి పార్కులు చేయించాలని నా వాదన. శాన్‌డియాగోలోని చికానో పార్కునే చూడండి. ఐ-5 ఫ్రీవే అక్కడి మెక్సికన్ అమెరికన్ల పేటని రెండు ముక్కలు చేసింది. తర్వాత కొరొనాడో వంతెన స్తంభాలు ఇళ్ల మధ్యకే వచ్చాయి. పార్కు ఇస్తామన్న చోట 1970 ఏప్రిల్ 22న హైవే పోలీస్ స్టేషన్ కోసం బుల్‌డోజర్లు దిగితే, జనం అడ్డం నిలబడి 12 రోజులు కదల్లేదు. పార్కు సాధించుకున్నారు. స్తంభాల నిండా వాళ్ల చరిత్రే బొమ్మలుగా ఉంది. 2016లో అది జాతీయ చారిత్రక స్థలం అయింది.

ఇద్దరు పిల్లల అమ్మ:
వాళ్ల పోరాటం గొప్పదే. మరి గాలి సంగతేంటండీ? ఫ్రీవేకి గానీ, నగరంలో రోజుకి లక్ష బళ్లు తిరిగే రోడ్డుకి గానీ 500 అడుగుల లోపు కొత్తగా ఇళ్లు, బడులు, ఆటస్థలాలు పెట్టొద్దని రాష్ట్ర వాయు వనరుల బోర్డే 2005లో సూచించింది. మా చిన్నాడికి ఉబ్బసం. చవగ్గా వస్తుంది కదా అని పేదవాళ్ల పిల్లల్ని అక్కడే ఆడుకోమనడం న్యాయమా?

బే ఏరియా పాఠకుడు:
కాదనలేను. ఊయలలు, జారుడుబల్లలు అక్కడ వద్దు. కానీ ఆ స్థలాన్ని వదిలేస్తే అందులో ఇంకేదో చేరుతుంది. 2023 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఐ-10 కింద, ప్రైవేటుకి లీజుకిచ్చిన చోట పేర్చిన చెక్క ప్యాలెట్లు అంటుకుని ఫ్రీవే వారం పైగా మూతపడింది. దానికన్నా చెట్లు, నడకదారి నయం కాదా?

పాత సివిల్ ఇంజనీర్:
అమ్మకం వద్దు, లీజే మేలు. వంతెనని తనిఖీ చేయాలన్నా, బలపరచాలన్నా రాష్ట్రానికి దారి ఉండాలి. 1990ల్లో కొరొనాడో వంతెనకి భూకంపాన్ని తట్టుకునేలా బలపరిచే పనులు తలపెట్టినప్పుడు బొమ్మలు పోతాయని స్థానికులు కంగారుపడ్డారు, పట్టుబట్టి కాపాడుకున్నారు. నా టెన్షన్ లీజు గడువు గురించి. ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటామని రాస్తే ఏ కౌన్సిల్ అక్కడ నీళ్ల పైపు వేస్తుంది? అద్దె ఒక్క డాలరైనా నీళ్లు, దీపాలు, చెత్త ఖర్చు ఏటా ఊరి నెత్తినే పడుతుంది. లీజు కనీసం ఇరవై ఏళ్లయినా ఉండాలి.

ఇద్దరు పిల్లల అమ్మ:
అయితే లీజులో ఇంకో షరతు కూడా రాయించండి. పార్కు తెరిచే ముందు అక్కడి గాలిని ఏడాది పాటు కొలవాలి, ఆ అంకెలు గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలి. దానికి ఒప్పుకుంటే మా ఊరి కౌన్సిల్ మీటింగులో నేనూ మీ వైపే మాట్లాడతాను. అంతవరకు మా వాణ్ని పంపను.