ట్రైక్లోరోతో పార్టులు కడుగుతా, క్రియాటినిన్ 0.9 వచ్చింది. కిడ్నీకి ఢోకా లేనట్టేనా?

ప్రశ్న, బాలానగర్ నుంచి:
తొమ్మిదేళ్లుగా చిన్న మెషిన్ షాపులో చేస్తున్నా. లేత్ మీద నుంచి దిగిన పార్టులకు ఆయిల్ వదలడానికి ట్రైక్లోరో ఇథిలీన్‌లో ముంచి తీస్తాం. తియ్యటి వాసన, సాయంత్రానికి తల దిమ్ముగా ఉంటుంది. దీంతో కిడ్నీ క్యాన్సర్ వస్తుందని మా బామ్మర్ది ఫోన్లో చూపించాడు. టెన్షన్‌తో కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 0.9. ఓనరు "ఇంకేం, భేషుగ్గా ఉన్నావ్" అన్నాడు. నిజమేనా?

జవాబు, సెల్ కల్చర్ ల్యాబ్‌లో చేసిన అక్క:
తమ్ముడూ, మీ బామ్మర్ది చెప్పిందే కరెక్టు. 2012లోనే ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని గ్రూప్ 1లో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తేలినవాటిలో పెట్టింది, అదీ కిడ్నీ క్యాన్సర్ ఆధారాలతో.

నేను నాలుగేళ్లు హెచ్‌కే-2 అనే కిడ్నీ కణాలు పెంచాను. ప్లేటు అడుగున షాబాద్ బండలు పరిచినట్టు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒంట్లోకి వెళ్లిన ట్రైక్లోరోలో కొద్ది భాగాన్ని లివర్ గ్లూటాథయోన్ అనే, విషాలను వదిలించే పదార్థానికి తగిలించి పంపేస్తుంది. అది కిడ్నీకి చేరేసరికి డీసీవీసీ అనే పదార్థం అవుతుంది. అక్కడి సన్న గొట్టాల కణాలు దాన్ని లోపలికి లాక్కుని, తమ ఎంజైముతోనే కోసి విషం చేసుకుంటాయి. పాపం, వాటి పనే అది.

డీసీవీసీ ఎక్కువ పోస్తే మర్నాటికి కణాలు ఊడిపోయి కణాలకు పోసే ఎర్రటి పోషక ద్రవంలో తేలేవి. నాకు భయం వేసింది తక్కువ పోసిన ప్లేటు చూసే. కొన్ని చచ్చేవి, పక్కవి సాగి, రెండుగా చీలి ఆ ఖాళీ పూడ్చేవి. దెబ్బతిన్న డీఎన్ఏ రిపేరు కాకముందే చీలితే ఆ తప్పు పిల్ల కణాలకు పోతుంది, క్యాన్సర్‌కి దారి తీసేది అలాంటి తప్పులే. పైకి చూస్తే మాత్రం ప్లేటు నిండుగానే! నీ 0.9 కూడా అంతే.

జవాబు, డయాలసిస్ టెక్నీషియన్:
కిడ్నీ పని దాదాపు సగం పడిపోయేదాకా క్రియాటినిన్ పెద్దగా కదలదు. యూరిన్‌లో ప్రొటీన్, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే చిన్న ప్రొటీన్ చూడాలా అని డాక్టర్‌ని అడగండి, ఏ కెమికల్‌తో పనో పేరు పెట్టి చెప్పండి. ఈఎస్ఐ కార్డుంటే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి మీకు పక్కనే. యూరిన్‌లో రక్తం కనబడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ప్రశ్న వేసినవారు:
థాంక్స్ అక్కా, అన్నా. గుడ్డ మాస్కు కట్టుకుంటున్నా, సరిపోతుందా?

అక్క:
గుడ్డ ఆవిరిని ఆపదు. ఆవిరి గాలికన్నా బరువు, తొట్టి చుట్టూనే పేరుకుంటుంది, నువ్వేమో దాని మీదికే వంగుతావు. చర్మంలోంచి కూడా ఇంకుతుంది. సాల్వెంట్ ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కు, తగిన గ్లౌజులు, తొట్టికి మూత, ఎగ్జాస్ట్ అడుగు. డాక్టర్ దగ్గరికి డ్రమ్ము లేబుల్ ఫోటో తీసుకెళ్లు.

ప్రశ్న వేసినవారు:
లేబుల్ ఎప్పుడో చెరిగిపోయిందక్కా. రేపు బిల్లు కాపీ అడుగుతా.