కౌంటర్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మెసేజ్ బాక్సులు తీసేస్తే వాటి స్థానంలో ఏమి పెట్టాలి?

ప్రశ్న: కౌంటర్‌కోడ్

మందుల దుకాణాలు వాడే ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నిర్వహణ ఇటీవల మా బృందం చేతికి వచ్చింది. అది విన్‌ఫామ్స్‌లో (విండోస్ డెస్క్‌టాప్ తెరలు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాధనం), డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద నడుస్తోంది. మొదట పాత విజువల్ బేసిక్ 6 (వీబీ6)లో రాసి తరువాత మార్చినది కావడం వల్ల కాబోలు, వినియోగదారుకు ఏ చిన్న విషయం చెప్పవలసి వచ్చినా మెసేజ్ బాక్స్ తెరవడమే అందులో ఆనవాయితీగా ఉంది. బిల్లు సేవ్ అయితే ఒకటి, ప్రింటర్‌లో కాగితం అయిపోతే ఒకటి, బ్యాచ్ గడువు మూడు నెలల్లోపు ఉంటే ఒకటి, స్టాక్ కనీస మట్టానికి దిగితే ఒకటి, బ్యాకప్ ముగిస్తే మరొకటి తెరుచుకుంటాయి. బిల్లులో ఒక వరుస తీసేయబోతే "ఖాయంగా తీసేయాలా?" అని అడిగే పెట్టె వీటికి అదనం.

దుకాణదారుల నుంచి రెండు రకాల ఫిర్యాదులు వస్తున్నాయి. సాయంత్రం రద్దీలో ఈ పెట్టెలు పనికి అడ్డుపడుతున్నాయని దాదాపు అందరూ అంటున్నారు. గడువు దగ్గరపడిన మందు అమ్ముడుపోయాక "సాఫ్ట్‌వేర్ మాకు చెప్పనే లేదు" అని మరికొందరు అంటున్నారు. లాగ్ తీసి చూస్తే హెచ్చరిక పెట్టె తెరుచుకున్నట్టూ, అరక్షణంలోపే ఓకే నొక్కినట్టూ నమోదై ఉంది.

అన్ని పెట్టెలనూ తీసేసి, ఫోన్లలో కాసేపు కనిపించి వాటంతట అవే మాయమయ్యే టోస్ట్ సందేశాల వంటివి పెడదామని మా బృందంలో ఒక ప్రతిపాదన ఉంది. అది సరైన మార్గమేనా? ఏ సందేశాన్ని ఎక్కడ చూపాలో, ఏది డైలాగ్‌గానే ఉండాలో నిర్ణయించడానికి మీరు ఏ ప్రమాణం పాటిస్తారు?

జవాబు: పాతకీబోర్డు

కౌంటర్‌కోడ్ గారూ, మీ రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కటేనని నా అనుమానం. అరక్షణంలో ఓకే నొక్కింది మనిషి కాకపోవచ్చు. స్కానర్ అయి ఉండవచ్చు.

చాలా కౌంటర్లలో వాడే స్కానర్ కంప్యూటర్ దృష్టిలో మరొక కీబోర్డు మాత్రమే. అది కోడ్‌లో ఉన్న అక్షరాలను వేగంగా టైపు చేసి, చివర ఎంటర్ పంపుతుంది. మొదటి మందుకు గడువు హెచ్చరిక తెరుచుకున్న క్షణానికే ఉద్యోగి రెండవ మందు స్కాన్ చేస్తాడు. ఫోకస్ (టైపు చేసినది చేరే చోటు) అప్పటికే పెట్టె మీదకు వెళ్లిపోయి ఉంటుంది కనుక రెండవ మందు అంకెలు గాలిలో కలిసిపోతాయి, వాటి వెనుక వచ్చిన ఎంటర్ ఓకేను నొక్కేస్తుంది. హెచ్చరికను ఎవరూ చదవలేదు సరికదా, రెండవ మందు బిల్లులోకి ఎక్కకుండానే సంచిలోకి చేరుతుంది. ఈ రెండవ నష్టాన్ని దుకాణదారులు మీకు ఇంకా చెప్పి ఉండరు, ఎందుకంటే అది నెలాఖరు స్టాక్ లెక్కలో తేడాగా మాత్రమే కనిపిస్తుంది.

డిఫాల్ట్ బటన్‌ను "నో" మీద పెడితే చాలునని కొందరు సలహా ఇస్తారు, కానీ అది సగం రక్షణే. విండోస్ మెసేజ్ బాక్స్‌లో ఎస్, నో బటన్లు ఉన్నప్పుడు ఆల్ట్ లేకుండా వై అక్షరం నొక్కినా ఎస్ అనే అర్థం. 2023 ఆగస్టు 1 నుంచి ఔషధ నియమాల్లోని షెడ్యూల్ హెచ్2 అనే జాబితాలో ఉన్న 300 బ్రాండ్ల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి అయింది. అందులో మందు పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ ఉంటాయి. అంత పాఠాన్ని స్కానర్ పెట్టె మీద కుమ్మరించినప్పుడు అందులో ఎక్కడో ఒక వై ఉండకపోదు.

కనుక నా ప్రమాణం ఇది. ఈ విషయం మీద వినియోగదారు ఇప్పుడే, ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలా, తీసుకోకపోతే పని ఒక్క అడుగు కూడా ముందుకు సాగకూడదా అని ప్రతి సందేశం గురించీ అడగండి. రెండింటికీ అవునని జవాబు వస్తే తప్ప ఫోకస్ లాక్కునే హక్కు ఆ సందేశానికి లేదు. మీరు చెప్పిన వాటిలో ఈ పరీక్ష నెగ్గేది ఒక్కటీ లేదు.

బిల్లు సేవ్ కావడం సందేశమే కానక్కరలేదు. తెర ఖాళీ అయి కొత్త బిల్లు తెరుచుకోవడమే దానికి సాక్ష్యం. స్టేటస్ బార్‌లో గత బిల్లు నంబరు, మొత్తం కనిపిస్తే సరిపోతుంది. స్టాక్ తగ్గిన సంగతి బిల్లు కొట్టే ఉద్యోగికి సంబంధించినది కాదు, ఆర్డర్లు పెట్టే యజమానికి కావలసినది. అది కొనుగోళ్ల తెరలో జాబితాగా ఉండాలి. బ్యాకప్ సఫలమైతే మౌనమే మేలు, చివరి బ్యాకప్ సమయం ఒక మూల కనిపిస్తే చాలు. విఫలమైతే మాత్రం పై భాగంలో ఒక పట్టీ వచ్చి, బ్యాకప్ జరిగేదాకా అక్కడే ఉండాలి. ప్రింటర్ కాగితానికి కూడా అలాంటి పట్టీయే తగినది, దానిలోనే "మళ్లీ ప్రింట్" బటన్ ఉండాలి, కాగితం పెట్టగానే పట్టీ దానంతట అది పోవాలి.

గడువు విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. గడువు దగ్గరపడిన బ్యాచ్ అయితే ఆ వరుసలోనే రంగు, గుర్తు, మిగిలిన నెలల సంఖ్య చూపండి. గడువు దాటిపోయిన బ్యాచ్ అయితే అమ్మకం ఆగి తీరాలి, కానీ ఆ ఆపడం స్కాన్ దగ్గర కాదు, సేవ్ దగ్గర జరగాలి. వరుస ఎర్రగా పడుతుంది, స్కానింగ్ సాగుతూనే ఉంటుంది, ఆ వరుస తీసేసేదాకా లేదా వేరే బ్యాచ్ ఎంచుకునేదాకా బిల్లు మాత్రం సేవ్ కాదు. సేవ్‌ను ఎంటర్‌కు కాక ఎఫ్10 వంటి ఫంక్షన్ కీకి ముడిపెడితే స్కానర్ దాన్ని పొరపాటున కూడా నొక్కలేదు.

జవాబు: మందులబల్ల

నేను ఫార్మసీ చదివి, కొన్నేళ్లు కౌంటర్ వెనుక పనిచేసి, ఇప్పుడు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. పాతకీబోర్డు గారి ప్రమాణంతో ఏకీభవిస్తాను గానీ, టోస్ట్ ప్రతిపాదన గురించి ఎవరూ గట్టిగా వద్దనలేదు కనుక ఆ మాట నేను అంటాను.

కౌంటర్‌లో ఉన్న మనిషి తెర వైపు చూడడు. ఒక కన్ను చీటీ మీద, ఒక కన్ను స్ట్రిప్ మీద ఉంటుంది, మాట రోగితో ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో టోస్ట్ రెండు సెకన్లు గానీ, మూడున్నర సెకన్లు గానీ నిలుస్తుంది. ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తున్న వాడికి అది సరిపోతుంది, వెనక్కు తిరిగి పై అరలోంచి సీసా తీస్తున్న వాడికి సరిపోదు. పెట్టె కనీసం ఒక గుర్తునైనా లాగ్‌లో మిగిల్చింది. మాయమయ్యే సందేశం అదీ మిగల్చదు. కాబట్టి పోయినా నష్టం లేని విషయానికే టోస్ట్ వాడాలని నా అభిప్రాయం. అంత నష్టం లేని విషయమైతే అసలు చెప్పడమెందుకు అన్నది వేరే ప్రశ్న.

తెర చూడని వాడికి చెవి ఉంటుంది. ఇక్కడ చాలా బృందాలు గమనించని చిక్కు ఒకటి ఉంది. స్కానర్ చేసే బీప్ శబ్దానికి "కోడ్ చదివాను" అని మాత్రమే అర్థం. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని స్వీకరించిందో లేదో స్కానర్‌కు తెలియదు, ఉద్యోగి మాత్రం ఆ బీప్ వినగానే మందు బిల్లులో పడిందనే అనుకుంటాడు. కోడ్ దొరకకపోయినా, బ్యాచ్ గడువు దాటినా సాఫ్ట్‌వేర్ వైపు నుంచి స్కానర్ బీప్‌కు ఏ మాత్రం పోలికలేని, లోతైన వేరొక శబ్దం రావాలి. అయితే ఆ శబ్దం ఈ రెండు సందర్భాలకే పరిమితం కావాలి. సేవ్‌కు ఒకటి, బ్యాకప్‌కు ఒకటి అని శబ్దాలు పంచిపెడితే వారం తిరక్కుండానే స్పీకర్ కట్టేస్తారు.

పట్టీలో, వరుసల్లో వచ్చిన ప్రతి హెచ్చరికా ఆ రోజు సందేశాల జాబితాలో కూడా ఉండాలి. రాత్రి లెక్క చూసుకునేటప్పుడు యజమాని చదివేది దాన్నే. అలాగే ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేని వారు ఉంటారు కనుక రంగుతో పాటు "గడువు దాటింది" అన్న మాట కూడా వరుసలో ఉండాలి.

కౌంటర్‌కోడ్

ఇద్దరికీ ధన్యవాదాలు. లాగ్‌లో సమయాలు మళ్లీ చూశాము. ఓకే నొక్కిన ప్రతిచోటా ఆ తరువాతి స్కాన్ నమోదు కాలేదు, కాబట్టి స్కానర్ ఊహ నిజమనే అనిపిస్తోంది.

రెండు సందేహాలు మిగిలాయి. "ఖాయంగా తీసేయాలా?" అని అడగడం మాని, తీసేసి, వెనక్కు తెచ్చుకునే వీలు ఇవ్వాలని సాధారణంగా అంటారు. వరుసకు అది బాగానే ఉంది, మొత్తం బిల్లుకు ఎలా వర్తిస్తుంది? సేవ్ అయిన బిల్లును వెనక్కు తీసుకుంటే నంబర్ల వరుసలో ఖాళీ వస్తుంది కదా? రెండవది, షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే అమ్మకాన్ని ప్రత్యేక రిజిస్టరులో రాయవలసినవి. అక్కడ వైద్యుని పేరు, రోగి పేరు లేకుండా ముందుకు పోనివ్వకూడదు. ఇది మీ పరీక్ష నెగ్గే డైలాగేనా?

జవాబు: పాతకీబోర్డు

జీఎస్టీ నియమం 46 ప్రకారం ఇన్వాయిస్ నంబర్లు ఒక ఆర్థిక సంవత్సరంలో వరుసగా, ఏదీ మళ్లీ రాకుండా, 16 అక్షరాలు మించకుండా ఉండాలి. కాబట్టి నంబరు కేటాయించిన బిల్లును చెరిపేసే బటన్ పెట్టకండి. జీమెయిల్‌లో పంపిన ఉత్తరాన్ని వెనక్కు తీసుకునే సదుపాయం ఎలా పనిచేస్తుందో చూడండి. అక్కడ పోయిన ఉత్తరం వెనక్కు రాదు. మనం ఎంచుకున్న 5, 10, 20 లేదా 30 సెకన్ల పాటు ఉత్తరం అసలు బయలుదేరదు. మీరూ అదే చేయవచ్చు. ఎఫ్10 నొక్కినప్పుడు కాక, ప్రింట్‌కు పంపే క్షణంలో నంబరు కేటాయించండి. అప్పటిదాకా బిల్లు చిత్తుప్రతే కనుక, ప్రశ్నలు లేకుండా తీసేయవచ్చు, వెనక్కు తెచ్చుకోనూ వచ్చు. కాగితం చేతికి వచ్చాక వెనక్కు తీసుకోవడం సాఫ్ట్‌వేర్ సదుపాయంగా కాక లెక్కల వ్యవహారంగా మారుతుంది, సరుకు తిరిగి వస్తే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) ద్వారానే అది జరగాలి. క్రెడిట్ నోట్‌కు తనదైన తెర ఉంటుంది, దానికి కూడా పాపప్ అవసరం లేదు.

వరుసలు తీసేయడం గురించి ఒక మాట. వెనక్కు తెచ్చుకునే వీలును సెకన్లతో కొలవకండి. తీసేసిన వరుసను కొట్టివేసిన గీతతో గ్రిడ్‌లోనే (బిల్లు వరుసల పట్టికలోనే) ఉంచి, బిల్లు ప్రింట్ అయినప్పుడు వదిలేయండి. రోగి "ఆ సిరప్ వద్దండీ" అని, రెండు నిమిషాల తరువాత "సరే, ఇవ్వండి" అనడం రోజూ జరిగేదే.

ఇక హెచ్1. వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి, దాన్ని మూడేళ్లు భద్రపరచాలి. పని ఆగవలసిన సందర్భం ఇదే, ఇందులో సందేహం లేదు. అయినా ఆగడానికి పాపప్ ఒక్కటే మార్గం కాదు. హెచ్1 మందు గ్రిడ్‌లో పడగానే బిల్లు కింద ఆ వివరాల గడులున్న భాగం తెరుచుకోవాలి, ఫోకస్ మాత్రం స్కాన్ గడిలోనే ఉండాలి. మిగిలిన మందులన్నీ స్కాన్ చేసి ఎఫ్10 నొక్కినప్పుడు, గడులు ఖాళీగా ఉంటే కర్సర్ మొదటి ఖాళీ గడిలోకి వెళ్లి, పక్కనే కారణం కనిపించాలి. ఉద్యోగి చీటీ చేతిలోకి తీసుకుని చదివేది కూడా సాధారణంగా అప్పుడే. ఫైర్‌ఫాక్స్ 3 కూడా 2008లో ఇలాంటి మార్పే చేసింది. అంతకుముందు పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవాలా అన్న పెట్టె, లాగిన్ సఫలమైందో లేదో తెలియకముందే దారికి అడ్డంగా నిలబడేది. ఆ వెర్షన్ నుంచి అది పేజీ పైన పట్టీగా మారింది, లాగిన్ ఫలితం చూశాక జవాబు చెప్పే వీలు కలిగింది.

జవాబు: గ్రిడ్‌వ్యూ

విన్‌ఫామ్స్ వైపు నుంచి కొన్ని విషయాలు చేరుస్తాను.

పట్టీని వేరే ఫామ్‌గా (విండోగా) చేయవద్దు. ఫోకస్ తీసుకోకుండా తెరుచుకునే ఫామ్ కోసం షోవితవుట్‌యాక్టివేషన్ అనే అమరిక ఉంది గానీ, దానితో పాటు టాప్‌మోస్ట్ (ఎప్పుడూ అన్నిటికంటే పైన ఉంచే అమరిక) పెడితే తలనొప్పులు మొదలవుతాయి. ప్రధాన ఫామ్‌లోనే పై అంచుకు అతికించిన (డాక్ చేసిన) ఒక ప్యానెల్ చాలు. గ్రిడ్ వరుసలకు, గడులకు తప్పును చూపే ఎర్రర్‌టెక్స్ట్ ఉండనే ఉంది. హెచ్1 గడుల పక్కన తప్పు గుర్తును చూపే ఎర్రర్‌ప్రొవైడర్ వాడితే దాని మెరుపును ఆపేయండి, కారణాన్ని పక్కనే లేబుల్‌లో కూడా రాయండి. ఆ గుర్తు మీద మౌస్ పెడితేనే పాఠం కనిపిస్తుంది, కౌంటర్‌లో మౌస్ ముట్టుకునేవారు తక్కువ. తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడేవారి కోసం ఆ లేబుల్‌కు లైవ్‌సెట్టింగ్ (పాఠం మారగానే చదివించే అమరిక) ఇవ్వవచ్చు, అది డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.7.1 నుంచి అందుబాటులో ఉంది.

పాత కోడ్‌లో టైమర్ల (నిర్ణీత వ్యవధికోసారి నడిచే భాగాల) లోపల తెరుచుకునే మెసేజ్ బాక్సులను అన్నిటికంటే ముందు తీసేయండి. మెసేజ్ బాక్స్ తెరిచి ఉన్నా విన్‌ఫామ్స్ టైమర్ ఆగదు. ప్రింటర్ స్థితిని పదేపదే పరిశీలించే టైమర్ ఉంటే, కాగితం అయిపోయిన పది నిమిషాల్లో ఒకదాని మీద ఒకటి పెట్టెలు పేరుకుపోతాయి. పట్టీ అయితే అదే స్థితికి అదే పాఠాన్ని మళ్లీ రాస్తుంది, అంతే.

మార్పు విడుదల చేసే ముందు ప్రతి హెచ్చరిక స్థితిలోనూ, అంటే కాగితం లేనప్పుడు, హెచ్1 భాగం తెరిచి ఉన్నప్పుడు, గడువు దాటిన వరుస ఉన్నప్పుడు, పొడవైన హెచ్2 క్యూఆర్ కోడ్ ఒకటి స్కాన్ చేసి, ఆ అక్షరాలన్నీ స్కాన్ గడిలోకే వెళ్లాయో లేదో చూడండి. కర్సర్ వైద్యుని పేరు గడిలో ఉన్నప్పుడు స్కాన్ చేస్తే మందు కోడ్ పేరుగా నమోదయ్యే ప్రమాదం ఇంకా మిగిలే ఉంటుంది. దానికి స్కానర్‌లో కోడ్‌కు ముందు వచ్చే ఒక ప్రిఫిక్స్ అక్షరాన్ని అమర్చి, ఫామ్ స్థాయిలో కీప్రివ్యూతో (కీలను గడుల కంటే ముందు ఫామ్‌కు చూపే అమరికతో) దాన్ని పట్టుకుని, ఫోకస్ ఎక్కడ ఉన్నా ఆ వెనుక వచ్చే పాఠాన్ని గ్రిడ్‌కే పంపాలి. మెసేజ్ బాక్స్ మీ ఫామ్ కాదు కాబట్టి, పెట్టెలు ఉన్నంతకాలం ఈ ఉపాయం పనిచేయదు; అవి పోయాకే దీన్ని అమర్చండి.