132 కిలోల బరువుకి ఆగే ఆఫీసు కుర్చీ కావాలి, తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నా బరువు 132 కిలోలు, ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. రాజమండ్రిలో ఇంటి నుంచే అకౌంట్స్ పని, జీఎస్‌టీ రిటర్నులు వేస్తాను కాబట్టి నెలలో 11, 20 తేదీలు దగ్గర పడ్డాయంటే పొద్దున కూర్చుంటే రాత్రి దాకా కుర్చీలోనే. ఏ కుర్చీ కొన్నా ఏడాది తిరక్కుండానే పోతోంది. ఒకదానికి సీటుని ఎత్తి దించే గ్యాస్ సిలిండర్ (షాపుల్లో హైడ్రాలిక్ అంటారు) పోయింది, పైకి లేపి కూర్చుంటే అరగంటలో మెల్లగా కిందికి దిగిపోయి టేబుల్ ఛాతీ దాకా వచ్చేది. ఇప్పుడున్నదానికి ఎడమ హ్యాండిల్ బోల్టు చెక్కతో సహా ఊడొచ్చింది. షాపుకి వెళ్ళి అడిగితే "మీ వెయిట్‌కి అంతే సార్, వారంటీ రాదు" అని నలుగురి ముందూ అనేశాడు, పెట్టె మీద మాత్రం 150 కిలోలు అని పెద్దక్షరాలతో ఉంది. చాలా బాధేసింది.

బడ్జెట్ 25 వేలు. నిజంగా ఏళ్ళ తరబడి మన్నుతుందంటే 40 దాకా పెడతాను. మెష్ (వలలాంటి అల్లిక) మంచిదా, కుషన్ మంచిదా? ఆ 150, 180 అనే నంబర్లని ఎంతవరకు నమ్మొచ్చు? మా అమ్మకైతే ఆ సిలిండర్ పేలుతుందేమోనని ఒకటే టెన్షన్, ఫోన్లో వీడియోలు చూసి నన్ను మామూలు కుర్చీలో కూర్చోమంటోంది. బరువు తగ్గమని మాత్రం దయచేసి ఎవరూ రాయకండి, దానికి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, ఈలోపు రేపు పొద్దున కూడా నేను కూర్చోవాలి కదా.

స్పానర్‌సెట్టు:
అన్నా, హైదరాబాద్‌లో కంపెనీలకి కుర్చీలు రిపేరు చేసే పనిలో ఉన్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ నంబరు సంగతి. పెట్టె మీద 150 అని ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఏ టెస్టు ప్రకారం అన్నది అడగాలి. అమెరికాలో ఆఫీసు కుర్చీలకి వాడే బిఫ్మా ఎక్స్ 5.1 అనే టెస్టు సుమారు 125 కిలోల మనిషి దాకా లెక్కేసి పెట్టింది. యూరప్ వాళ్ళ ఈఎన్ 1335 అయితే రోజుకి 8 గంటలు కూర్చునే 110 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుంది. ఐకియాలో మార్కస్ కుర్చీ ట్యాగ్ చూడండి, 110 కిలోలకి టెస్టు చేశాం అని నిజాయితీగా రాసి ఉంటుంది. అంటే మామూలు మంచి కుర్చీలు కూడా మీ బరువు దగ్గరికి రాకముందే ఆగిపోతున్నాయి. ఇందులో తప్పు మీది కాదు, మీకు తగని సరుకు అంటగట్టిన వాడిది. భారీ మనుషుల కోసం వేరే టెస్టు ఉంది, బిఫ్మా ఎక్స్ 5.11, అది 181 కిలోల దాకా. ఆ కాగితం చూపించగలిగిన డీలరు దగ్గర కళ్ళు మూసుకుని కొనొచ్చు. "బిఫ్మా సర్టిఫైడ్" అని ఊరికే అంటే సరిపోదు, ఏ నంబరో అడగండి.

కాగితం లేకపోతే కుర్చీని తిరగేసి చూడండి. ఏ షాపువాడైనా తిరగెయ్యనివ్వకపోతే అక్కడ కొనకండి. సిలిండర్ మీద క్లాస్ 3 అనో క్లాస్ 4 అనో ఉంటుంది, మీకు క్లాస్ 4 తప్ప వద్దు, దాని గొట్టం రేకు మందం ఎక్కువ. అయిదు కాళ్ళ బేస్ నైలాన్ది కాకుండా అల్యూమినియంది గానీ స్టీలుది గానీ చూసుకోండి. క్రోమ్ రంగు పూసిన ప్లాస్టిక్ కూడా వస్తోంది, వేలితో కొట్టి చూస్తే చప్పుడులోనే తెలుస్తుంది. సీటు కింద లివర్ ఉండే ఇనప ప్లేటు, మేం మెకానిజం అనేది, పల్చగా ఉంటే ఆర్నెల్లకి వంగుతుంది, ఒక పక్కకి ఒరిగిన కుర్చీలన్నీ దాదాపు అక్కడ పోయినవే. ఇక మీ హ్యాండిల్ సంగతి: పెద్ద శరీరం ఉన్నవాళ్ళు లేచేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్స్ మీద ఆనించి లేస్తారు, ఆ బరువంతా సీటు ప్లైవుడ్‌లో దిగిన రెండు మూడు బోల్టుల మీద పడుతుంది. హ్యాండిల్ ప్లైవుడ్‌కి కాకుండా కింద ఇనప ఫ్రేముకి బిగించిన కుర్చీ వెతకండి. షాపుల్లో ఇది ఎవరూ చెప్పరు, నా దగ్గరికి వచ్చే రిపేర్లలో మాత్రం సగం ఇవే.

అమ్మగారికి చెప్పండి, ఆ సిలిండర్‌లో ఉండేది నైట్రోజన్, అది మండే గ్యాస్ కాదు. నాసిరకం పల్చటి గొట్టాలతోనే ప్రమాదం. ఎవరైనా మెకానిక్ సిలిండర్‌కి డ్రిల్ వేసి బాగుచేస్తానంటే ఒప్పుకోవద్దు. పోయిన సిలిండర్ మార్చడమే, లోపల బాగుచేసేది ఏమీ లేదు. సైజులు కూడా దాదాపు అన్నిటికీ ఒకటే, పైన 28 మిల్లీమీటర్లు, కింద 50. క్లాస్ 4 ది రెండు వేలు అటూ ఇటూలో దొరుకుతుంది, కుర్చీ మిగతాదంతా బాగుంటే అదొక్కటి మార్చుకున్నా ఇంకొన్నాళ్ళు వస్తుంది.

సాగరతీరం:
స్పానర్‌సెట్టు గారు గట్టితనం గురించి బాగా చెప్పారు, నేను ఒంటికి సరిపోవడం గురించి చెప్తాను. నేను వైజాగ్, 104 కిలోలు, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. బరువు ఆగితే చాలదండీ, రెండు హ్యాండిల్స్ మధ్య మనిషి పట్టాలి. ఎక్కువ కుర్చీల్లో సీటు 18 నుంచి 20 అంగుళాలే, హ్యాండిల్స్ తొడలకి ఒరుసుకుని సాయంత్రానికి మంటపుడుతుంది. ఇంట్లో ఒక చదునైన స్టూలు మీద కూర్చుని, తుంటికి అటూ ఇటూ రెండు అట్ట పుస్తకాలు నిలబెట్టి వాటి మధ్య దూరం కొలిపించుకోండి, దానికి రెండంగుళాలు కలిపితే మీకు కావాల్సిన వెడల్పు. టేపు జేబులో పెట్టుకునే షాపుకి వెళ్ళండి.

సీటు లోతు కూడా. వీపు పూర్తిగా ఆన్చి కూర్చుంటే మోకాలి వెనక రెండు మూడు వేళ్ళ ఖాళీ ఉండాలి. "లావు మనుషుల కుర్చీ" అని అమ్మేవన్నీ పొడుగాటి మగవాళ్ళ కోసం చేసినవే, నాలాంటి పొట్టి వాళ్ళకి సీటు ముందంచు పిక్కల్లోకి వస్తుంది, కాళ్ళు నేలకి అందవు, అందుకని నేను సీటు ముందుకీ వెనక్కీ జరిగే మోడల్ తీసుకుని కింద ఫుట్‌రెస్ట్ వేసుకున్నాను. మీ ఎత్తుకి ఆ ఇబ్బంది ఉండదు గానీ ఇది చదివే ఆడవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

గేమింగ్ కుర్చీలు చూసి మోసపోకండి. చూడ్డానికి భారీగా ఉంటాయి, సీటుకి రెండు పక్కలా లేచి ఉన్న గట్లు ఉంటాయి, వాటి కింద ఇనప రాడ్డు, లావు తొడలకి అది నరకమే. మెష్ సీటు చవకది అయితే కొన్నాళ్ళకి జోలెలా సాగిపోయి ముందు ఫ్రేము తొడకి గట్టిగా తగులుతుంది, అందుకే నా సలహా వీపుకి మెష్, సీటుకి మందమైన మోల్డెడ్ ఫోమ్. ఇంకోటి, గోదావరి జిల్లాల ఉక్కకీ మా సముద్రపు తేమకీ లెదర్ లాంటి ఆ రెగ్జిన్ పొట్టు పొట్టుగా రాలిపోతుంది, బట్ట కవరే తీసుకోండి, చెమట కూడా పీలుస్తుంది.

షాపులో కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి. మనల్ని చూసి సేల్స్‌మ్యాన్ కుర్చీ వంక కంగారుగా చూస్తాడు, నాకు తెలుసు, అయినా లేవకండి. డబ్బు పెట్టేది మనం.

పాతగుమాస్తా:
బాబూ, మా రెవెన్యూ ఆఫీసులో టేకు కర్రతో చేసి పేము అల్లిన చేతుల కుర్చీలు ఉండేవి. ఎంత భారీ మనిషి కూర్చున్నా చెక్కు చెదిరేవి కావు, అల్లిక పోతే మళ్ళీ అల్లించుకునేవాళ్ళం, గాలాడేది కూడా. రాజమండ్రిలో మంచి వడ్రంగి దొరక్కపోడు. మీ కొలతలకి ఒకటి చేయించుకుంటే మీ అమ్మగారి భయమూ తీరుతుంది, చక్రాలూ సిలిండర్లూ లేకపోతే పాడయ్యేదే లేదు.

డాలస్‌బాబాయ్:
నేను 150 కిలోలు. ఇక్కడ షాపుల్లో భారీ, పొడుగాటి మనుషుల కోసం బిగ్ అండ్ టాల్ అని వేరే వరసే ఉంటుంది, కానీ వాటిలో చవకవి నాకూ నిలవలేదు. చివరికి సెకండ్ హ్యాండ్‌లో స్టీల్‌కేస్ లీప్ కొన్నాను, కంపెనీ దానికి చెప్పే బరువు 400 పౌండ్లు అంటే 181 కిలోలు. హెర్మన్ మిల్లర్ ఏరాన్‌లో సైజులు ఎ, బి, సి అని మూడు, బి, సి లకి 159 కిలోలు చెప్తారు. మీ ఒంటికి సి తప్ప సరిపోదు. వీపు ఫ్రేము పై అంచు లోపలి వైపు వేలితో తడిమితే చుక్కలు తగుల్తాయి, మూడుంటే సి.

కొత్తవి ఇండియాలో లక్ష పైమాటే. కానీ కోవిడ్ తర్వాత హైదరాబాద్, బెంగళూరుల్లో చాలా కంపెనీలు ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు ఈ కుర్చీలు వాడిన ఫర్నిచర్ అమ్మే గోడౌన్లకి చేరాయి, మా బావమరిది అక్కడే 38 వేలకి లీప్ తీసుకున్నాడు. పదేళ్ళు వాడిన మంచి కుర్చీ కొత్త నాసిరకం కుర్చీ కన్నా ఎక్కువ కాలం వస్తుంది, నేను గట్టిగా నమ్మే మాట ఇది. సీటు కింద తయారీ తేదీ స్టిక్కర్ ఉంటుంది, చూసి కొనండి. పైకి లేపి పది నిమిషాలు కూర్చుని కదలకుండా ఉండండి, అంగుళం దిగినా సిలిండర్ మార్పించి ఇమ్మనండి.

గోదారిగట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. సాగరతీరం గారూ, పుస్తకాలు పెట్టి కొలిపించాను, 20న్నర వచ్చింది. అంటే 22న్నర కావాలి, ఇప్పుడున్నది 19. అమ్మకి నైట్రోజన్ సంగతి చదివి వినిపించాను, కొంచెం నెమ్మదించింది. పాతగుమాస్తా గారి టేకు కుర్చీ మాట కూడా మనసుకి నచ్చింది. వచ్చే నెల హైదరాబాద్ వెళ్ళే పని ఉంది, గోడౌన్లు చూస్తాను. రెండు అనుమానాలు. నాకు బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటు, అది ఈ కుర్చీల్లో కుదురుతుందా? మాది టైల్స్ నేల, లేచేటప్పుడు కుర్చీ వెనక్కి జారిపోతోంది, దానికేం చెయ్యాలి?

స్పానర్‌సెట్టు:
అన్నా, 22న్నర కావాలంటే హ్యాండిల్స్ బయటికి జరిగే మోడలే చూడండి, లీప్‌లో అవి పక్కకి జరుగుతాయి, మొత్తం బయటికి లాగి టేపు పెట్టి చూశాకే బేరమాడండి. ఏరాన్‌లో బాసింపట్టు కుదరదు, సీటు చుట్టూ గట్టి ఫ్రేము ఉంటుంది, మోకాళ్ళ కింద నొక్కుతుంది. లీప్‌లో కాస్త నయం కానీ 132 కిలోలు సీటు ముందంచు మీదకి వస్తే ఏ మెకానిజమైనా తొందరగా అరుగుతుంది. అలా కూర్చోవాలనిపించినప్పుడు పెద్దాయన చెప్పిన టేకు కుర్చీ వెడల్పుగా చేయించుకుని దానిలో కూర్చోండి. రోజంతా కూర్చునే పనికి మాత్రం అది వద్దనే అంటాను పెద్దాయనా, వీపు వెనక్కి వాల్చి నడుముకి మధ్యమధ్యలో విశ్రాంతి ఇవ్వాలంటే వాలే కుర్చీ కావాలి.

టైల్స్‌కి నైలాన్ చక్రాలు పీకేసి మెత్తటి పాలీయురెథేన్ చక్రాలు వేయించండి, ఎక్కువ కుర్చీలకి కాడ 11 మిల్లీమీటర్లే, చేత్తో లాగితే ఊడొస్తాయి. స్టీల్‌కేస్, హెర్మన్ మిల్లర్ వాటికి కాడ వేరే సైజు ఉండొచ్చు కాబట్టి పాత చక్రం ఒకటి చేతిలో పట్టుకుని షాపుకి వెళ్ళండి. జారడం తగ్గుతుంది.

గోడౌన్‌లో కొన్నా షోరూంలో కొన్నా బిల్లు మీద బరువు ఎంతకి ఆగుతుందో రాయించుకోండి, వారంటీలో సిలిండర్, బేస్, మెకానిజం మూడూ వస్తాయని పేర్లతో సహా రాయించుకోండి. రాయను అంటే ఇంకో షాపుకి వెళ్ళండి. హైదరాబాద్ వచ్చే ముందు రోజు ఇక్కడ మెసేజ్ పెట్టండి, ఖాళీ ఉంటే టూల్స్ తీసుకుని నేనే వచ్చి తిరగేసి చూస్తాను.